లాప్‌టాప్ డ్రైవ్‌లకు సాటా–యూఎస్‌బీ కేబుల్: చాలాకాలం వాడాక

పాడైన లాప్‌టాప్‌లోంచి తీసిన హార్డ్‌డిస్క్‌ను చదవడానికైనా, పాత డిస్క్‌లో ఉన్నదంతా తిరిగే భాగాలు లేని కొత్త ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించడానికైనా సాటా–యూఎస్‌బీ కేబుల్ కన్నా సులువైన పనిముట్టు లేదు. సాటా అంటే డ్రైవ్‌ను కంప్యూటర్‌కు కలిపే కనెక్షన్ రకం. ఒక చివర 22 పిన్నుల సాటా కనెక్టర్, రెండో చివర నీలం నాలుక ఉన్న యూఎస్‌బీ 3.0 ప్లగ్, సాటా వైపు ప్లాస్టిక్ తొడుగులో సాటాను యూఎస్‌బీగా మార్చే ఒక బ్రిడ్జ్ చిప్. అంతే. కొనేటప్పుడు అందరూ అట్టపెట్టె మీద రాసిన 5 గిగాబిట్ల వేగాన్నే చూస్తారు. వాడగా వాడగా నాకు తేలింది వేరు. వేగంలో ఈ కేబుళ్ల మధ్య పెద్ద తేడా ఉండదు. మంచిదేదో నాసిదేదో తేల్చేది డ్రైవ్‌కు అందే కరెంటు. డ్రైవ్ పోయిందేమోనని భయపెట్టే లక్షణాలు చాలావరకు అక్కడే పుడతాయి.

ముందు మీ డ్రైవ్‌కు ఇది పనికొస్తుందో లేదో చూసుకోండి. 2.5 అంగుళాల సాటా డ్రైవ్ అయితే చాలు, హార్డ్‌డిస్కైనా ఎస్‌ఎస్‌డీ అయినా సరే. మందం 7 మిల్లీమీటర్లయినా 9.5 అయినా, 15 అయినా ఇబ్బంది లేదు. ఈ విషయంలో డ్రైవ్‌ను లోపల పెట్టి మూతపెట్టే పెట్టె, అంటే ఎన్‌క్లోజర్ కన్నా కేబులే నయం. డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల డిస్క్ కనెక్టర్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, ప్లగ్ చక్కగా దూరుతుంది కూడా. కానీ డిస్క్ తిరగదు, ఎందుకంటే దాని మోటారుకు 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ ఇచ్చేది 5 మాత్రమే. దానికి గోడకు పెట్టే అడాప్టర్‌తో వచ్చే రకం కొనుక్కోవాలి. లాప్‌టాప్ డీవీడీ డ్రైవ్‌కు ఈ ప్లగ్ పట్టదు. దాని పవర్ భాగంలో 15కు బదులు 6 పిన్నులే ఉంటాయి. బాగా పాత లాప్‌టాప్‌లలో రెండు వరుసల సూదుల్లాంటి 44 పిన్నులు కనిపిస్తే అది సాటాకు ముందు తరం ఐడీఈ, దానికి వేరే అడాప్టర్ ఉంది.

ఎం.2 దగ్గర తికమక ఎక్కువ. చూయింగ్‌గమ్ బిళ్లలా ఉండే ఈ ఎస్‌ఎస్‌డీల్లో కొన్ని సాటా, కొన్ని అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ రకం. కనెక్టర్ అంచున రెండు గాట్లుంటే సాధారణంగా సాటా, ఒక్క గాటే ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ. అయితే రెండు గాట్లున్న ఎన్‌వీఎంఈలూ ఉన్నాయి కాబట్టి గాట్లను నమ్మకుండా లేబుల్ చదవండి. రెండింట్లో ఏదైనా ఈ కేబుల్‌కు నేరుగా తగలదు. ఎన్‌వీఎంఈకి వేరే బ్రిడ్జ్ చిప్ ఉన్న ఎన్‌క్లోజర్ కావాలి. రియల్‌టెక్ ఆర్‌టీఎల్ 9210బీ లాంటి చిప్ ఉన్న ఎన్‌క్లోజర్ రెండు రకాలనూ చదువుతుంది. ఇక డ్రైవ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేసిన లాప్‌టాప్‌ల విషయంలో ఏ కేబులూ చేసేదేమీ లేదు.

ఇప్పుడు కరెంటు సంగతి. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3.0 పోర్టు 900. డ్రైవ్ లేబుల్ మీద 5 వోల్టుల పక్కన ఉండే అంకె చూడండి. 2.5 అంగుళాల హార్డ్‌డిస్క్‌లలో అది 0.5 నుంచి 1 ఆంపియర్ దాకా ఉంటుంది. నిలకడగా తిరిగేటప్పుడు అంత తీసుకోదు గానీ, ఆగి ఉన్న లోపలి పళ్లేలు తిరగడం మొదలుపెట్టే ఆ రెండు మూడు సెకన్లలో దాదాపు 1 ఆంపియర్ లాగుతుంది. ఆ క్షణంలో వోల్టేజీ పడిపోతే డిస్క్ తిరగబోతుంది, టక్కుమంటుంది, ఆగుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. డేటా చదివే హెడ్ పాడైన డిస్క్ కూడా ఇలాగే శబ్దం చేస్తుంది కాబట్టి మనిషి బెంబేలెత్తిపోతాడు. తీర్పు చెప్పే ముందు పోర్టు మార్చి చూడండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు వదిలేసి వెనక మదర్‌బోర్డు మీదున్న పోర్టులో పెట్టండి. ముందు పోర్టులకు లోపల సన్నని వైరు వెళ్తుంది, వోల్టేజీ అక్కడే కొంత తగ్గుతుంది. సొంత అడాప్టర్ లేని హబ్‌లో అసలు పెట్టొద్దు. పొడిగింపు వైరు తీసేయండి. యూఎస్‌బీ-సీ ప్లగ్ ఉన్న కేబుల్ అయితే కొంత నయం, 1.5 లేదా 3 ఆంపియర్లు ఇవ్వగల సీ పోర్టులు చాలా ఉన్నాయి.

ఇందుకే కేబుల్ పొడుగ్గా ఉంటే సుఖమనుకోవడం పొరపాటు. 20, 30 సెంటీమీటర్ల పొట్టి కేబుల్ చూడ్డానికి ఇరుకుగా ఉన్నా హార్డ్‌డిస్క్‌ను నమ్మకంగా తిప్పుతుంది. సన్నటి వైరుతో చేసిన మీటరు కేబుల్ ఎస్‌ఎస్‌డీతో బాగానే ఉండి, హార్డ్‌డిస్క్ తగిలించగానే చేతులెత్తేస్తుంది. రెండు యూఎస్‌బీ ప్లగ్‌లు ఉండే వై ఆకారపు కేబుల్‌లో రెండోది కరెంటు కోసమే. ఆ ఏర్పాటుకు యూఎస్‌బీ ప్రమాణం ఒప్పుకోదు గానీ, మొండికేసే పాత డిస్క్‌లకు బాగా పనిచేస్తుంది. ఎస్‌ఎస్‌డీకి ఈ గొడవ లేదని తేలిగ్గా తీసుకోకండి. ఎడతెగకుండా రాస్తున్నప్పుడు కొన్ని ఎస్‌ఎస్‌డీలు హార్డ్‌డిస్క్ కన్నా ఎక్కువే లాగుతాయి. పెద్ద ఫైల్ కాపీ సగంలో డ్రైవ్ మాయమై మళ్లీ ప్రత్యక్షమైతే ముందు అనుమానించాల్సింది కరెంటునే.

చిప్ గురించి. జేమైక్రాన్ జేఎంఎస్ 578, ఏఎస్‌మీడియా ఏఎస్‌ఎం 1153ఈ, 225సీఎం లాంటివి ఇప్పటి కేబుళ్లలో తరచూ కనిపిస్తాయి. ఏది ఉన్నా యూఏఎస్‌పీ (డ్రైవ్‌కు ఆదేశాలు పంపే కొత్త పద్ధతి) ఉందా లేదా అన్నది చూసుకోండి. పాత బల్క్ ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో ఒక ఆదేశం పూర్తయ్యాకే ఇంకొకటి పంపాలి. యూఏఎస్‌పీలో చాలా ఆదేశాలు వరుసలో ఒకేసారి నిలబడతాయి. విండోస్ 8 నుంచి దీనికి డ్రైవర్ సిస్టమ్‌తోనే వస్తుంది, విండోస్ 7లో రాదు. డివైస్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్ల కింద 'యూఎస్‌బీ అటాచ్‌డ్ ఎస్‌సీఎస్ఐ' అన్న పేరు కనిపిస్తే యూఏఎస్‌పీ నడుస్తున్నట్టే. ఆచరణలో సాటా ఎస్‌ఎస్‌డీ నుంచి సెకనుకు 400 ఎంబీ పైన వస్తుంది. 5400 ఆర్‌పీఎం లాప్‌టాప్ హార్డ్‌డిస్క్ తనంతట తానే 100 ఎంబీ దగ్గర ఆగిపోతుంది కాబట్టి, దానికి యూఏఎస్‌పీ ఉన్నా లేకపోయినా ఒకటే. యూఎస్‌బీ 2.0లో పెడితే మాత్రం ఏదైనా 35 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. 100 జీబీ కాపీకి హార్డ్‌డిస్క్ అసలు వేగంతో 17 నిమిషాలు పడితే, ఆ పోర్టులో ముప్పావుగంట దాటుతుంది. ప్లగ్‌ను నెమ్మదిగా దూర్చితే కొన్నిసార్లు 2.0 పిన్నులే ముందు తగిలి పాత వేగానికే స్థిరపడుతుంది. అలా జరిగితే తీసి, చులాగ్గా ఒక్క ఊపున పెట్టండి.

తీయడం, తగిలించడం పెద్ద పనేం కాదు. లాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయండి. విండోస్‌లో షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొడితేనే అది పూర్తి షట్‌డౌన్. మామూలుగా కొడితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల డిస్క్ సగం నిద్రలో ఉండిపోతుంది, తర్వాత లైనక్స్‌లో రాయడానికి ఒప్పుకోదు. చార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ విప్పి, అప్పుడు డ్రైవ్ జోలికి వెళ్లండి. చుట్టూ ఉన్న రేకు ఫ్రేమ్‌ను ఉంచినా ఫర్వాలేదు, కేబుల్ ప్లగ్‌కు అడ్డమైతేనే విప్పాలి. ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటొకటుంది: కొన్ని లాప్‌టాప్‌లలో డ్రైవ్ మొనకు ఒక చిన్న మార్పిడి కనెక్టర్ తగిలించి ఉంటుంది. అది డ్రైవ్‌లో భాగంలాగే కనిపిస్తుంది, కేబుల్ దూరదు. దాన్ని రెండు వైపులా సమంగా లాగితే ఊడి, అసలు సాటా మొన బయటపడుతుంది. ఒకవైపు మెలితిప్పితే డ్రైవ్‌లోని పలుచని ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది.

ముందు డ్రైవ్‌కు కేబుల్, ఆ తర్వాత కంప్యూటర్‌కు యూఎస్‌బీ. హార్డ్‌డిస్క్‌ను చదునైన, పొడిగా ఉన్న చెక్క మీదో మందపాటి అట్ట మీదో పెట్టండి. లోహపు బల్ల వద్దు, అడుగున సర్క్యూట్ బోర్డు బయటికే ఉంటుంది. వెండిరంగు యాంటీస్టాటిక్ కవర్ మీద పెట్టి నడపడం కూడా తప్పే, దాని పొరలో లోహం ఉంటుంది. తిరుగుతున్న డిస్క్‌ను కదపొద్దు. పని అయ్యాక సేఫ్‌లీ రిమూవ్ చేసి, ప్లగ్ తీసి, పది సెకన్లు ఆగి అప్పుడు చేత్తో ఎత్తండి.

డ్రైవ్ తిరుగుతోంది, మై కంప్యూటర్‌లో మాత్రం కనిపించడం లేదనుకోండి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్కడ ఉండి డ్రైవ్ అక్షరం (డీ, ఈ లాంటిది) లేకపోతే ఒకటి కేటాయించండి. ఆఫ్‌లైన్ అని ఉంటే అది బహుశా క్లోన్ చేసిన, అంటే ఉన్నదున్నట్టు నకలు తీసిన డిస్క్, అసలుదీ నకలుదీ ఒకే డిస్క్ సంతకంతో (గుర్తింపు సంఖ్యతో) ఉన్నందువల్ల విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టింది. 'ఫార్మాట్ చేయాలి' అనో 'ఇనిషియలైజ్ చేయాలి' అనో అడిగితే రెంటికీ కాదనే చెప్పండి. ఆ డిస్క్ లైనక్స్‌దో మ్యాక్‌దో అయి ఉండొచ్చు, పార్టిషన్ పట్టిక చెడి ఉండొచ్చు. డ్రైవ్‌ను నిలబెట్టి తగిలించే పాత డాక్ స్టేషన్‌లో ఫార్మాట్ చేసినదీ అయి ఉండొచ్చు. 2 టీబీ దాటిన డిస్క్‌లను కొన్ని పాత బ్రిడ్జ్‌లు 512 బైట్లకు బదులు 4096 బైట్ల సెక్టార్లుగా (డిస్క్ డేటాను దాచే చిన్న ముక్కలుగా) చూపించేవి. అలాంటి డిస్క్‌ను వేరే చిప్ ఉన్న కేబుల్‌తో చదివితే అంతా ఖాళీగా కనిపిస్తుంది, పాత డాక్‌లోనే పెడితే మళ్లీ మామూలే.

డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఇంకో అడ్డంకి. విండోస్ 11 వచ్చిన చాలా లాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. డ్రైవ్ బయట తగిలించగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో అది దాచి ఉందేమో డ్రైవ్ విప్పకముందే చూసుకోవడం తెలివైన పని. బయోస్‌లో హార్డ్‌డిస్క్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే డ్రైవ్ పేరు, పరిమాణం కనిపిస్తాయి గానీ ఒక్క సెక్టార్ కూడా చదవనివ్వదు.

ఇవేవీ లేకపోతే ఫైళ్లు యూజర్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. అనుమతి లేదన్న పెట్టెలో కంటిన్యూ నొక్కితే విండోస్ ఒక్కో ఫైల్ అనుమతిని మారుస్తూ పోతుంది, పెద్ద ఫోల్డర్‌కు చాలాసేపు పడుతుంది. ఆ డ్రైవ్‌ను తిరిగి అదే లాప్‌టాప్‌లో పెట్టేదుంటే అలా మార్చకండి, లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చదవడానికి మాత్రమే తెరిచి కాపీ చేసుకోండి. డెస్క్‌టాప్ ఫోల్డర్ ఖాళీగా ఉంటే కంగారు వద్దు, వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల ఇంకో డెస్క్‌టాప్ ఉంటుంది. అయితే అందులో కొన్ని ఫైళ్లకు పేరు మాత్రమే ఉండి, అసలు సరుకు క్లౌడ్‌లోనే ఉండొచ్చు. అవి ఈ డిస్క్ నుంచి రావు.

నిజంగానే పాడవుతున్న డిస్క్‌కు ఈ కేబుల్ మంచి తోడు కాదు. చదవలేని సెక్టార్ దగ్గర డిస్క్ చాలాసేపు గింజుకుంటుంది, ఈలోగా బ్రిడ్జ్ ఓపిక నశించి రీసెట్ అవుతుంది, కాపీ మొత్తం ఆగిపోతుంది. డెస్క్‌టాప్ మదర్‌బోర్డు సాటా పోర్టు అందుబాటులో ఉంటే నేరుగా దానికే తగిలించండి. లేదంటే ఈ కేబుల్‌తోనే లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ నడపండి. అది బాగున్న భాగాలను ముందు తీసుకుని చెడ్డ చోట్లకు తర్వాత వస్తుంది, మధ్యలో తెగినా మ్యాప్ ఫైల్ ఆధారంగా ఆగిన చోటు నుంచే మొదలుపెడుతుంది. విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ మాత్రం నడపొద్దు, చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద అది రాతలు రాస్తుంది. డిస్క్ ఆరోగ్యం చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ చాలు, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ అంకెలను మంచి చిప్‌లు దాటనిస్తాయి. రీలొకేటెడ్ (చెడిపోయి మార్చిన), పెండింగ్ (అనుమానంగా ఉన్న) సెక్టార్ల పక్కన సున్నా తప్ప ఇంకేమున్నా కాపీనే మొదటి పని.

క్లోనింగ్‌కు మాత్రం దీనికి పూర్తి మార్కులు వేస్తాను. కొత్త ఎస్‌ఎస్‌డీని కేబుల్‌కు తగిలించి, క్లోన్ చేసి, లాప్‌టాప్ లోపల బిగించాక బూట్ చేయాలి. అలా కాకుండా మామూలు విండోస్ ఉన్న డ్రైవ్‌ను యూఎస్‌బీ మీదే బూట్ చేయబోతే నీలి తెర వస్తుంది. అది కేబుల్ లోపం కాదు, లైనక్స్ అయితే ఇలాగే హాయిగా లేస్తుంది. ఎస్‌ఎస్‌డీని ఎప్పటికీ ఈ కేబుల్ మీదే ఉంచాలనుకుంటే ట్రిమ్ (చెరిపిన ఫైళ్ల చోటు ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఆదేశం) దాటుతుందో లేదో చూసుకోండి. చాలా బ్రిడ్జ్‌లు దాన్ని దాటనివ్వవు. ట్రిమ్ లేకుండా నిండుతూ ఖాళీ అవుతూ ఉండే ఎస్‌ఎస్‌డీ రాతల్లో నెమ్మదిస్తుంది.

ఒక చిరాకు మాత్రం తప్పదు. యూఎస్‌బీ 3.0 సంకేతాల నుంచి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుందని ఇంటెల్ 2012లోనే చూపించింది. కాపీ నడుస్తుండగా వైర్‌లెస్ మౌస్ తడబడినా, వైఫై నెమ్మదించినా మౌస్ రిసీవర్‌ను అవతలి వైపు పోర్టుకు మార్చండి.

రోజూ తగిలించి తీసే పనికి, సంచిలో వేసుకుని తిరగడానికి ఎన్‌క్లోజర్ కొనుక్కోండి. సాటా ప్రమాణం మామూలు కేబుల్ కనెక్టర్ నుంచి ఆశించేది 50 సార్ల తగిలింపే. డ్రైవ్ నేరుగా బోర్డులోకే దూరే బ్యాక్‌ప్లేన్ రకానికి అది 500. కేబుల్ అరిగితే ఇంకోటి వస్తుంది, డ్రైవ్ వైపు నాలుక అరిగినా విరిగినా డ్రైవే పోతుంది. ప్లగ్ పట్టు తప్పి, డ్రైవ్‌ను కొంచెం కదిపితే చాలు డిస్‌కనెక్ట్ అవుతోందంటే ఆ కేబుల్‌కు రబ్బరుబ్యాండ్లు చుట్టి నెట్టుకురావద్దు. రాస్తుండగా తెగితే చెడేది ఫైల్‌సిస్టమ్.