నెల్లూరు-ఒంగోలు హైవే మీద సైకిల్ రైడ్: జెల్ ప్యాకెట్టా, అరటిపండా?

200 కిమీ బ్రెవే (గడువు లోపల ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్) అంటే 13న్నర గంటల్లో ముగించాల, ఆకలేశాక తిందాంలే అని తొక్కుకుంటా పోతే కావలి దాటినాక కాళ్లు మొరాయిస్తాయి, నాకు అయింది కాబట్టే చెప్తున్నా. గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ (ఒంటికి శక్తినిచ్చే పిండి, చక్కెర పదార్థాలు) లోపలికి పోతా ఉండాల.

లెక్క చూస్తే రెండూ దగ్గర దగ్గరే, ఒక జెల్‌లో (ప్యాకెట్ చింపి పిండుకుని మింగే చిక్కటి తీపి పాకం) 20-25 గ్రాములు, ఓ మోస్తరు అరటిపండులో కూడా 25 దాకా. ఎదురుగాలికి రొప్పుతా ఉన్నప్పుడు నమిలే పని లేకుండా దిగిపోయేది జెల్లే, అది ఒప్పుకోవాల. కానీ వెనకే నీళ్లు తాగకపోతే కడుపులో తిప్పుద్ది, చేతులంతా బంకబంక, మే ఎండలో జేబులో కాగిన ఆ తీపి... వద్దబ్బా. పైగా ఆ డబ్బుతో డజను అరటిపళ్లొస్తాయి.

అరటిపండుకున్న రోగం ఒకటే, జెర్సీ జేబులో పెడితే సింగరాయకొండ చేరేలోపు గుజ్జైపోద్ది. అందుకే నేను మోసుకుపోను, హైవే పక్కన టీ బంకుల్లో రెండేసి కొంటా, ఉప్పేసిన మజ్జిగ దొరికితే ఒక గ్లాసు కూడా, చెమటలో పోయిన ఉప్పు పండులో రాదు గదా. చిక్కీ కూడా ఉంటది గానీ వేరుశనక్కాయల్లో కొవ్వెక్కువ, అరగడం లేటు, మెల్లగా తొక్కేటప్పుడే తింటా.

నా మటుకు పగలంతా అరటిపండే, చివరి 40 కిమీకి రెండు జెల్స్. కొత్త జెల్ అయితే మాత్రం ముందే ఒక ఆదివారం మైపాడు బీచ్ దాకా పోతా ట్రై చేసి చూడండి, రైడ్ రోజు కాదు.