స్కూబా సిలిండర్ సర్వీసు: చెన్నైలో నా అనుభవం

చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డులోని ఒక స్కూబా (నీటి అడుగున ఊపిరి తీసుకుంటూ ఈదే) పరికరాల సర్వీసు కేంద్రానికి గత నెల నా అల్యూమినియం సిలిండర్‌ను తీసుకువెళ్లాను. 200 బార్ పీడనం వరకు నింపించిన గాలి రెండు మూడు రోజుల్లోనే సగానికి పడిపోతుండడంతో, వాల్వు మార్చక తప్పదని భయపడ్డాను. మెకానిక్ సబ్బునీళ్లు పూయగానే సిలిండర్ మెడ దగ్గర సన్నని బుడగలు వరుసగా లేచాయి. ఆయన గాలినంతా మెల్లగా వదిలేసిన తరువాతే వాల్వు విప్పి, గాలి బయటకు పోకుండా ఆపే అక్కడి రబ్బరు వలయాన్ని, అంటే ఓ-రింగును, నా అరచేతిలో పెట్టి, "చూడండి సార్, గోరుతో నొక్కినా దిగడం లేదు" అన్నారు. రబ్బరు గట్టిపడి, ఒకవైపు చదునై, సన్నగా బీటలు వారి ఉంది. కొత్త రింగు వేసేముందు గాడిలోని ఉప్పును తుడిచి, సిలికాన్ గ్రీజును పలుచగా మాత్రమే రాశారు. ఆక్సిజన్ శాతం ఎక్కువగా ఉండే మిశ్రమాలకు ఈ గ్రీజు వాడితే నిప్పు పుట్టే ప్రమాదం ఉందని, దానికి వేరే గ్రీజు ఉంటుందని అడగకుండానే చెప్పడం నాకు ఎంతో నచ్చింది. లైటు దింపి లోపలి గోడలను, మెడ మరలను కూడా పరిశీలించారు. అయితే మూడు రోజులన్న పని ఎనిమిది రోజులు పట్టింది; రసీదులో మార్చిన భాగం వివరం లేదు. ప్రాణం ఆధారపడిన పరికరానికి ఆ వివరం రాసి ఇచ్చి తీరాలి. వారం గడిచాక గేజి పెట్టి చూస్తే ముల్లు 200 దగ్గరే నిలిచి ఉంది.