యానాంలో కొలంబో కూర: ఒక గ్వాడెలూప్ భోజనశాల

యానాంలో గౌతమి ఒడ్డుకు వెళ్ళే దారిలో ఒక పాత పెంకుటింటి ముందు వసారాను భోజనశాలగా మార్చి, ఒక దంపతులు ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం గ్వాడెలూప్ ద్వీపపు వంటలు వడ్డిస్తున్నారు. ఆయనది ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకున్న యానాం కుటుంబం. ఉద్యోగరీత్యా ఆ కరీబియన్ ద్వీపంలో పదకొండేళ్ళు ఉండి, పదవీ విరమణ తరువాత సొంత ఊరు చేరుకున్నారు. నేను అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన మీదుగా మూడు ఆదివారాలు వెళ్ళి, అక్కడి వంటలు తిని, గోడలమీద రాసి పెట్టినదంతా చదివిన తరువాతనే ఈ మాటలు రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసినది మేక మాంసంతో చేసిన కొలంబో గురించి. పేరు చూసి శ్రీలంక వంట అనుకోవద్దు. తమిళుల కుళంబు సముద్రం దాటి, అక్కడి క్రియోల్ భాష మాట్లాడేవాళ్ళ నోళ్ళలో నాని, కొలంబో అయిందని అంటారు. ధనియాలు, జీలకర్ర, మెంతులు, ఆవాలు, మిరియాలు, పసుపు కలిపి కొట్టిన పొడి దానికి ఆధారం. అంటే మన పోపులపెట్టెలోని సరుకే. అయితే ఆ పొడిలో సాధారణంగా ఎండుమిరప ఉండదు. గుండ్రంగా, ముడతలు పడి ఉండే అక్కడి పచ్చిమిరపకాయను తొడిమతో సహా, చిట్లకుండా కుండలో వేసి, దించే ముందు తీసేస్తారు. దాని వాసన కూరంతా పడుతుంది గాని నోరు మండదు. ఇక్కడ ఆ రకం దొరకక నాటు మిరపకాయ వేస్తున్నారు కాబట్టి ఆ పళ్ళ వాసన లాంటి సువాసన లోటుగానే ఉంది. కానీ వంకాయ, గుమ్మడి ముక్కలు, ఒక పచ్చి మామిడి చెక్క పులుసులో కరిగిపోయి అన్నానికి అంటుకునే తీరు చూస్తే, ఎవరో మన వైపు మనిషి వేరే దేశపు పొయ్యి మీద వండిన వంట ఇది అని చెప్పకుండానే తెలుస్తుంది. రెండవ ఆదివారం మాంసం సరిగా ఉడకలేదు. ఆ మాట చెబితే ఆవిడ వాదించకుండా మరో గిన్నె తెచ్చి పెట్టారు.

ఆక్రాలు అనే చేప వడలు చాలా బాగున్నాయి. అక్కడ ఉప్పులో ఊరబెట్టిన కాడ్ చేపతో చేస్తారట. ఇక్కడ ఉప్పుచేపను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఉప్పు దిగిన తరువాత చిదిమి, మైదా పిండిలో ఉల్లికాడలతో కలిపి పునుగుల్లా వేస్తున్నారు. పైన కరకరలాడుతూ, లోపల దూదిలా ఉన్నాయి. బొకిట్ అనే నూనెలో వేయించిన రొట్టె మాత్రం నూనె ఎక్కువ పీల్చుకుని బరువుగా ఉంది.

ఇక గోడల సంగతి. ఈ భోజనశాల మిగిలినవాటికంటే భిన్నంగా నిలబడేది ఇక్కడే. యజమాని స్వయంగా తెలుగులో రాసిన పలకలు వరసగా తగిలించి ఉన్నాయి. 1848లో ఫ్రాన్స్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసిన తరువాత, చెరకు తోటల యజమానులు కూలీలకోసం భారతదేశం వైపు చూశారు. 1854 డిసెంబరు 24న ఒరేలీ అనే ఓడ మొదటి భారతీయ కూలీలతో గ్వాడెలూప్‌లోని పాయింతాపీత్ర్ రేవుకు చేరింది. 1889 వరకు అలా సుమారు 42,000 మంది వెళ్ళారు. ఎక్కువ మంది పుదుచ్చేరి, కారైకాల్ వైపు తమిళులు; మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఫ్రెంచి యానాం నుంచి కూలీలను సముద్రం మీద పంపడం అంతకు ముందే, 1828లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపానికి పంపిన చిన్న బృందంతో మొదలయింది. వీటిలో ఎక్కడా మనవాళ్ళ సంఖ్యను పెంచి చూపకుండా, మనవాళ్ళు కూడా అన్న రెండు మాటల దగ్గరే ఆగిపోయినందుకు యజమానిని అభినందించాలి. ఊరిమీద ప్రేమతో చరిత్రను సాగదీసేవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఒక పలక మొత్తం ఆన్రీ సిదాంబరం అనే వ్యక్తికి కేటాయించారు. కూలీల సంతతికి చెందిన ఈయన, అక్కడే పుట్టిన భారతీయులకు ఫ్రెంచి పౌరులుగా ఓటు హక్కు ఉండాలని 1904లో పోరాటం మొదలుపెట్టి 1923లో సాధించారు. పంతొమ్మిదేళ్ళు ఒకే అర్జీ పట్టుకుని తిరిగిన మనిషి. ఆయన పేరు మన పాఠాల్లో లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. దానికి పక్కనే లూయి డెల్గ్రే గురించిన పలక ఉంది. 1794లో ఒకసారి రద్దయిన బానిసత్వాన్ని నెపోలియన్ 1802లో తిరిగి రుద్దబోయినప్పుడు ఎదురు తిరిగి, ఆ ఏడాది మే 28న గ్వాడెలూప్‌లోని మతూబా దగ్గర లొంగిపోవడానికి బదులు తన అనుచరులతో కలిసి తుపాకిమందు పేల్చుకుని చనిపోయిన సైనికాధికారి ఆయన. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల కథను ముందు చెప్పకుండా కూలీల కథ చెప్పడం తప్పు. ఆ వరస ఇక్కడ సరిగానే ఉంది.

ఒక్క చోట మాత్రం గట్టిగా అభ్యంతరం చెప్పాను. తలుపు పక్కనున్న నల్లబల్లమీద ‘స్వతంత్ర దేశం గ్వాడెలూప్’ అని సుద్దముక్కతో రాసి ఉంది. ఇది నిజం కాదు. 1946 మార్చి 19 నాటి చట్టంతో ఆ ద్వీపం ఫ్రాన్స్‌లో ఒక జిల్లాగా, అంటే దెపార్త్‌మాఁగా చేరిపోయింది. అక్కడి డబ్బు యూరో, అక్కడివాళ్ళు పారిస్‌లోని అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. 2003 డిసెంబరులో పాలనా వ్యవస్థను మార్చుకుందామా అని అడిగితే కూడా ఓటర్లు పెద్ద మెజారిటీతో వద్దన్నారు. యానాంలో కూర్చుని ఈ సంగతిని తేలిగ్గా తీసుకోలేము. 1854లో ఒరేలీ ఓడ ఆ తీరం చేరింది, సరిగ్గా నూరేళ్ళకు, 1954లో, యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడి భారతదేశంలో కలిసింది. ఒకే జెండా కింద బతికిన రెండు ఊళ్ళు ఎనిమిదేళ్ళ తేడాలో రెండు వేర్వేరు దారులు పట్టాయి. ఆ తేడా ఎందుకు వచ్చిందన్నదే అసలు ప్రశ్న. అటువంటి ప్రశ్నను ఒక తప్పు మాటతో మూసేయకూడదు.

ఫ్రాన్స్‌లో ఉన్నంత మాత్రాన అక్కడ అంతా సుఖమని కూడా కాదు. సరుకులు చాలావరకు సముద్రం మీదుగా రావడంతో ధరలు మండిపోయి, 2009 జనవరిలో మొదలైన సార్వత్రిక సమ్మె 44 రోజులు సాగింది. అరటి తోటల్లో వేసిన క్లోర్‌డెకోన్ అనే పురుగుమందును ఫ్రాన్స్‌లో 1990లో నిషేధించినా, ద్వీపాల్లో 1993 వరకు ప్రత్యేక అనుమతులతో వాడనిచ్చారు. ఆ విషం ఇప్పటికీ అక్కడి నేలలో, నీళ్ళలో, మనుషుల రక్తంలో ఉంది. రావులపాలెం అరటి మార్కెట్టుకు గెలలు తోలే మన కోనసీమ రైతులు చదివి తీరవలసిన సంగతి ఇది. గోడమీద దీనికి ఒక్క వాక్యమే ఇవ్వడం చాలా తక్కువ. ఒక పలక మొత్తం కేటాయించవలసింది.

బల్లలమీద పరిచిన గళ్ళ బట్టను అక్కడ మద్రాసు అనే పిలుస్తారు. ఆడవాళ్ళు పండగల్లో ఆ బట్టనే తలకు చుట్టుకుంటారు. వెనక నుంచి తక్కువ స్థాయిలో వినిపించేది గ్వోకా డప్పు. 2014లో యునెస్కో గుర్తించిన ఈ వాద్యకళలో ఒక డప్పు వరస తప్పకుండా మోగుతూ ఉంటే, మరొకటి ఆడేవాళ్ళ అడుగులను బట్టి మాట్లాడుతుంది. మా జాతరల్లో గరగలు ఎత్తినప్పుడు డప్పులవాళ్ళు ఆడేవాళ్ళ కాళ్ళకేసి చూసే చూపు నాకు గుర్తొచ్చింది.

భోజనం ఇద్దరికి తొమ్మిది వందల రూపాయలు అవుతుంది. ముందు రోజే ఫోను చేసి చెప్పాలి, ఎందుకంటే ఇరవై మందికి మించి వండరు. వడ్డన నెమ్మది, మరో మనిషిని పెట్టుకుంటే బాగుంటుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఆక్రాలు ముందుగా అడగండి, రెండు గంటలకల్లా అయిపోతున్నాయి. నల్లబల్ల సంగతి నేను చెప్పినప్పుడు, ‘నిజమే మాస్టారూ, అక్కడ పదకొండేళ్ళుండీ ఆ మాట ఎలా రాశానో’ అంటూ ఆయన తడిగుడ్డ తెచ్చి ఆ మొదటి మాటను తుడిచేశారు. మూడో ఆదివారం వెళ్ళేసరికి ఆ స్థానంలో ‘1946 నుంచి ఫ్రాన్స్‌లో ఒక జిల్లా’ అని రాసి ఉంది.