పాత పీసీలో ఓపెన్‌బీఎస్‌డీ పెట్టి బ్రాడ్‌బ్యాండ్ నడిపిస్తే: చాలాకాలం వాడాక నా రివ్యూ

మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (తను లాగిన్ అవ్వకుండా ట్రాఫిక్‌ని దాటించడం మాత్రమే చేసేలా) పడేసి, పీపీపీఓఈ లాగిన్ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో ప్రొవైడర్‌కి కలిసే పద్ధతి) ఒక పాత చిన్న పీసీకి అప్పగించి ఏళ్లవుతోంది. అందులో ఓపెన్‌బీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఉచిత ఓఎస్ ఉంది. ఓఎస్ వైపు పని ఇట్టే అయిపోతుంది, మన టైమంతా తినేసేది ప్రొవైడరే.

రాయాల్సింది రెండు ఫైళ్లు. నెట్‌వర్క్ కార్డు పేరుతో ఉన్న హోస్ట్‌నేమ్ ఫైల్లో 'అప్' అన్న ఒక్క మాట చాలు, ఐపీ అడ్రస్ అక్కర్లేదు. రెండోది హోస్ట్‌నేమ్.పీపీపీఓఈ0: ఏ కార్డు మీదుగా వెళ్లాలి, లాగిన్ పద్ధతి ప్యాపా చాపా, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, చివర్లో డిఫాల్ట్ రూట్ (నెట్‌కి వెళ్లే దారి). పీపీపీఓఈ డ్రైవర్ కెర్నెల్లోనే (ఓఎస్ గుండెకాయలోనే) ఉంది కాబట్టి వేరే ప్యాకేజీ వేసే పని లేదు. ఆరు నెలలకోసారి సిస్‌అప్‌గ్రేడ్ (ఓఎస్‌ని కొత్త వెర్షన్‌కి మార్చే కమాండ్) కొడుతూనే ఉన్నాను, ఆ రెండు ఫైళ్లూ రాసినవి రాసినట్టే ఉన్నాయి. అంతకుముందు ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఓఎస్‌లో పీపీపీ.కాన్ఫ్ అనే సెట్టింగ్స్ ఫైల్‌తో నడిపాను, అదీ బాగానే ఉంది గానీ లేబుల్ (సెక్షన్ పేరు) కింద ప్రతి లైనూ ఖాళీతోనే మొదలవ్వాలనే రూలొకటి, పైగా ప్యాకెట్లన్నీ యూజర్‌ల్యాండ్ (కెర్నెల్ బయట నడిచే ప్రోగ్రామ్) గుండా తిరిగి రావడంతో పాత సీపీయూకి భారం. డెబియన్ లినక్స్‌లో పీపీపీఓఈకాన్ఫ్ అనే టూల్ అయితే ప్రశ్నలడిగి అన్నీ తనే రాసేసుకుంటుంది, కొత్తవాళ్లకి అదే నయం.

అసలు తలనొప్పి ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌కి ఉండే గరిష్ఠ సైజు. ఈథర్‌నెట్‌లో మామూలుగా పట్టే 1500 బైట్లలో పీపీపీఓఈ 8 తీసుకుంటే మిగిలేది 1492. దీన్ని పట్టించుకోకపోతే పింగ్ వెళ్తుంది, డీఎన్ఎస్ పలుకుతుంది, కొన్ని సైట్లు ఠక్కున తెరుచుకుంటాయి, కొన్ని మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. అదీ ఈ పీసీలో కాదు, దాని వెనకున్న ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో! పీఎఫ్.కాన్ఫ్‌లో (ఫైర్‌వాల్ సెట్టింగ్స్ ఫైల్) స్క్రబ్ లైన్ ఒకటి, మ్యాక్స్-ఎంఎస్ఎస్ (ఒక టీసీపీ ప్యాకెట్‌లో పట్టే డేటాకి పరిమితి) 1440 అని పెట్టండి, పోతుంది. (లెక్క ప్రకారం ఐపీవీ4కి 1452 దాకా వెళ్లొచ్చు, నేను మాన్యువల్లో ఉన్న 1440తోనే ఉండిపోయాను.)

కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కోసారి లైన్ వెంటనే ఎక్కదు. ఇఫ్‌కాన్ఫిగ్ కమాండ్‌లో పీఏడీఐ (ఎవరైనా ఉన్నారా అని మన పీసీ వేసే కేక) రీట్రైల సంఖ్య పెరుగుతూ ఉంటుంది, ట్రాఫిక్ చూపించే టీసీపీడంప్‌లో మన కేకలే తప్ప అటునుంచి పీఏడీఓ (ఆ కేకకి జవాబు) రాదు. అవతల ప్రొవైడర్ వాళ్లు మన పాత సెషన్ ఇంకా బతికే ఉందనుకుంటున్నారన్నమాట. టెన్షన్ పడి ఫైళ్లు కెలకొద్దు, కాసేపాగితే అదే ఎక్కుతుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే విండోస్‌లో చూశారా అంటారు, ఇక వీల్యాన్ నంబర్ (ఒకే లైన్లో ట్రాఫిక్‌ని విడదీసే నంబర్) అడిగితే లైన్లో నిశ్శబ్దం. ఆ నంబర్ చివరికి వాళ్లిచ్చిన మోడెమ్ సెట్టింగ్స్ పేజీలోనే, వాన్ (బయటి నెట్ వైపు) సెక్షన్‌లో దొరికింది. బ్రిడ్జ్‌లోకి మార్చేముందే ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకోండి.

వైఫై కూడా ఈ పీసీ నుంచే రావాలంటే మాత్రం ఓపెన్‌బీఎస్‌డీ వద్దు, లేదంటే వైఫైకి విడిగా ఒక యాక్సెస్ పాయింట్ పెట్టుకోండి. నేనూ అదే చేశాను.