నాలుగేళ్ల వాడకం తర్వాత: ఒక చైల్డ్ సీటు, ఒక చిన్న కారు, ఇద్దరు డ్రైవర్లు

మా పాప పుట్టిన కొన్ని నెలలకు కొన్న చైల్డ్ సీటును నాలుగేళ్లకు పైగా వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. అది పుట్టినప్పటి నుంచి 25 కిలోల బరువు వరకు పనికొస్తుందని చెప్పే కన్వర్టిబుల్ రకం సీటు. 13 కిలోల వరకు పాప ముఖం వెనుక అద్దం వైపు ఉండేలా, 9 నుంచి 18 కిలోల మధ్య ముందుకు తిప్పి సీటుకున్న ఐదు కొనల బెల్టుతో, ఆపైన కారు బెల్టుతోనే వాడాలి. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే సీట్లు దాదాపు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. అది మన కారులో, మన బెల్టు పొడవుకు, ముందు సీటులో కూర్చునే మనిషి కాళ్లకు ఎంతవరకు కుదురుతుందన్న దాని మీదే దాని విలువంతా ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం. దుకాణంలో ఈ సంగతి ఎవరూ అడగరు, బట్ట ఏ రంగు కావాలని మాత్రం అడుగుతారు.

మేముండేది హన్మకొండలో. కారు చిన్న హ్యాచ్‌బ్యాక్. మా అమ్మగారిల్లు హుజూరాబాద్ దాటిన తర్వాత వస్తుంది కాబట్టి నెలలో ఒకటి రెండుసార్లయినా 563వ జాతీయ రహదారి మీద వెళ్తాం. నాలుగు వరుసల పనుల కోసం మళ్లింపులు పెట్టిన ఆ దారిలో అకస్మాత్తుగా బ్రేకు వేయాల్సిన సందర్భాలు తక్కువేమీ కావు. పండుగలకు, ఆసుపత్రి పనులకు 163వ జాతీయ రహదారి మీద జనగామ, భువనగిరి మీదుగా హైదరాబాద్ వెళ్తాం. మిగిలినదంతా ఊళ్లో తిరుగుడే.

చట్టం సంగతి రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను సీటు బెల్టుతోగానీ చైల్డ్ సీటుతోగానీ భద్రపరచకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. కొనేటప్పుడు చూడాల్సినది సీటు వెనుకో అడుగునో అంటించిన నారింజ రంగు లేబుల్: అందులో చైల్డ్ సీట్ల భద్రతా ప్రమాణమైన ఆర్ 44/04 పేరు, వృత్తంలో ఇంగ్లిష్ 'E' అక్షరంతో పాటు ఒక అంకె, బరువు పరిధి ఉండాలి. ఆ తర్వాతి ప్రమాణమైన ఆర్ 129 ప్రకారం కొత్తగా వచ్చే సీట్లలో పరిధిని పిల్లల ఎత్తును బట్టి సెంటీమీటర్లలో చెబుతారు. వాటిలో 15 నెలలు నిండే వరకు ముఖం వెనుకవైపే ఉండాలన్న నియమం కూడా ఉంది. కార్లను గుద్దించి చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే, 2023 అక్టోబర్‌లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో పిల్లల భద్రతకు 49 మార్కులుంటాయి. 18 నెలల, 3 ఏళ్ల పిల్లల పరిమాణంలో ఉండే బొమ్మలతో ఆ పరీక్షలు చేస్తారు. అయితే కారు తయారీదారు సూచించిన చైల్డ్ సీట్లు పెట్టి తెచ్చుకున్న మార్కులవి. కారుకు ఐదు నక్షత్రాలు వచ్చాయని మనం తెచ్చిన ఏ సీటుకైనా అవే వర్తిస్తాయనుకోవడానికి వీల్లేదు.

సీటు ఇంటికి వచ్చిన రోజున మా అమ్మ దానిని చూసి, "పసిపిల్లను గట్ల కట్టేసి కూసోబెడ్తరా బిడ్డా, నా ఒళ్లె ఉంటది తియ్యి," అన్నది. ఆమె మాటలో ప్రేమకు కొదవ లేదు గానీ లెక్క వేరుగా ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేనికైనా గుద్దుకుని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోతే, పది కిలోల పాపను పట్టి ఉంచడానికి సుమారు 140 కిలోల బరువును ఆపగలిగే బలం కావాలి. అంత బలం ఏ చేతుల్లోనూ ఉండదు. పైగా వెనుక కూర్చున్న పెద్దమనిషి బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువు కూడా పాప మీదే పడుతుంది. ఈ లెక్క మా బాపుకు చెబితే, అమ్మకు ఆయనే నచ్చజెప్పారు.

వెనుకవైపు ముఖం పెట్టి బిగించడమే ఈ సీటుతో అన్నిటికంటే కష్టమైన పని. అంత కష్టానికి కారణం ఉంది: పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు, ముందు నుంచి గుద్దినప్పుడు తల ముందుకు విసిరినట్లు పోకుండా వీపు, మెడ, తల మూడింటినీ సీటు వీపు ఒకేసారి కాచుకుంటుంది. మా సీటుకు ఐసోఫిక్స్ కొక్కేలు (కారు వెనుక సీటు సందులోని కడ్డీలకు నేరుగా తగిలించేవి) లేవు, కారు బెల్టుతోనే కట్టాలి. ఇక్కడ మొదటి చిక్కు బెల్టు పొడవు. వెనుకవైపు తిప్పినప్పుడు బెల్టు సీటును చుట్టి రావాలి; మా కారులో చివరి అంగుళం వరకు లాగితే తప్ప బకిల్‌లో పడదు. రెండవ చిక్కు, మన కార్లలోని వెనుక బెల్టులు ఎక్కువగా గట్టిగా గుంజినప్పుడే పట్టేస్తాయి, నెమ్మదిగా లాగితే వదులుతూనే ఉంటాయి. అందువల్ల మలుపుల్లో సీటు కొంచెం కొంచెంగా జరిగిపోతుంది. దీనికి విరుగుడుగా సీటు పక్కన బెల్టును నొక్కి పట్టే ఎర్ర క్లిప్పు ఒకటి ఇచ్చారు. అది లేని సీటును నేను ఎవరికీ సిఫారసు చేయను. మోకాలు సీటులో ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసి, రెండవ చేత్తో బెల్టును లాగి క్లిప్పు వేయాలి. ఆ తర్వాత బెల్టు వెళ్లే చోట పట్టుకుని ఊపితే అటూ ఇటూ అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. పై అంచు పట్టుకుని ఊపితే ఎలాగూ కదులుతుంది, దానికి కంగారు పడనవసరం లేదు.

మూడవ చిక్కును కారు కంపెనీ గానీ సీటు కంపెనీ గానీ పెట్టలేదు, యాక్సెసరీల దుకాణం పెట్టింది. కొత్త కారుకు రెగ్జిన్ కవర్లు వేయించడం మన దగ్గర ఆనవాయితీ. ఆ కవర్లు వేసేటప్పుడు వెనుక బకిళ్లను కవరు కిందికి తోసేస్తారు, ఐసోఫిక్స్ కడ్డీలు ఉండే సందును మూసేస్తారు, ఆ నున్నటి రెగ్జిన్ మీద చైల్డ్ సీటు జారుతూ ఉంటుంది. ముందు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగులున్న కార్లలోనైతే మామూలు కవర్లు అసలు వేయకూడదు, ఎయిర్‌బ్యాగు తెరుచుకోవడానికి అవి అడ్డం. మేము వెనుక కవరును పూర్తిగా తీసేయించాము. పాలు ఒలికితే బట్ట పాడవుతుందన్నారు. పాడైంది. ఆ మరకతో మాకు ఇబ్బందేమీ లేదు.

చైల్డ్ సీటును ఎడమవైపు ముందు సీటు వెనుక పెట్టాము, పాపను రోడ్డు వైపు కాకుండా పక్క అంచు వైపు దింపవచ్చునని. ముందు సీటులో ఎయిర్‌బ్యాగు ఉన్నప్పుడు వెనుకవైపు ముఖం పెట్టిన సీటును అక్కడ ఎప్పుడూ బిగించకూడదు. తెరుచుకునే ఎయిర్‌బ్యాగు నేరుగా పాప తల వెనుకనున్న సీటు వీపును కొడుతుంది. ఎడమవైపు పెట్టిన తర్వాత మాకు ఎదురైన పేచీ మనుషుల ఎత్తుకు సంబంధించినది. నేను ఐదడుగుల ఒక అంగుళం, మా ఆయన ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ. నేను నడిపితే ఆయన ఎడమ సీటులో మోకాళ్లు డాష్‌బోర్డుకు తగిలేంత ముందుకు జరిగి కూర్చోవాలి, ఎందుకంటే వెనుకవైపు తిప్పిన సీటు అంత చోటు తీసుకుంటుంది. ఆయన నడిపి నేను ఎడమ సీటులో కూర్చుంటే అందరికీ సరిపోతుంది. కాబట్టి పాపకు 13 కిలోలు వచ్చేవరకు దూర ప్రయాణాల్లో ఎవరు నడపాలన్నది చైల్డ్ సీటే నిర్ణయించింది. చిన్న కారున్నవారు కొనే ముందు ఆ సీటును దుకాణం బయటకు తెచ్చి, తమ కారులో పెట్టి, ముందు సీటులో ఇంటి పొడగరిని కూర్చోబెట్టి చూడాలి. ఒప్పుకోని దుకాణంలో కొనకండి.

నడిపేవారి సీటు విషయానికి వస్తే, ఇద్దరు మార్చి మార్చి నడిపే కారులో ఎక్కిన ప్రతిసారీ సర్దుకోవాల్సిందే. నేను పాటించే క్రమం ఇది. ముందు నడుము వెనక్కి ఆనేలా కూర్చుని, క్లచ్‌ను పూర్తిగా నొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండేంత దూరానికి సీటు జరుపుతాను. తర్వాత ఎత్తు. పొట్టివాళ్లు సీటు ఎత్తు పెంచుకోవడం మరచి ముందుకు మాత్రమే జరుపుకుంటారు. అప్పుడు ఛాతీ స్టీరింగ్‌కు మరీ దగ్గరవుతుంది. ఛాతీ ఎముకకు స్టీరింగ్ మధ్య భాగానికి కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి, ఎయిర్‌బ్యాగు విచ్చుకోవడానికి ఆ చోటు అవసరం. భుజాలు సీటుకు ఆనించే చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద పడాలి. హెడ్‌రెస్ట్ పై అంచు తల పై భాగంతో సమానంగా, తలకు వీలైనంత దగ్గరగా ఉండాలి. దానిని మెడ దిండు అనుకుని కిందికి దించుకునేవారే ఎక్కువ, వెనుక నుంచి బండి గుద్దినప్పుడు మెడ విరిగినట్లు వెనక్కి పోయేది అప్పుడే. అద్దాలు చివర సర్దాలి, మొదట సర్దితే శ్రమ వృథా.

పెద్దల బెల్టు గురించి ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. చీర కట్టుకున్నప్పుడు నడుము బెల్టు కుచ్చిళ్ల మీదుగా పైకి లేచి పొట్ట మీద కూర్చుంటుంది. దానిని కిందికి నెట్టి తుంటి ఎముకల మీద పడేలా చేసి, భుజం పట్టీని పైకి లాగి వదులు తీసేయాలి. గర్భంతో ఉన్నప్పుడు నడుము పట్టీ పొట్ట కింది నుంచి, భుజం పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా పోవాలి. ఏడో నెలలోనూ నేను అలాగే పెట్టుకున్నాను. భుజం పట్టీ మెడకు రాసుకుంటోందని చంక కిందికి తోసేయడం బెల్టు లేకపోవడం కంటే పెద్ద మేలేమీ కాదు. 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ మూడు కొనల బెల్టును తయారుచేసింది దెబ్బను తుంటి, ఛాతీ ఎముకల మీదికి పంచడానికి. చంక కింద పెట్టుకుంటే ఆ దెబ్బ పక్కటెముకలు, పొట్ట మీద పడుతుంది. అలారం మోగకుండా బకిల్‌లో దూర్చే ఉత్తి క్లిప్పులను అమ్మకం నుంచి తీసేయమని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలను ఆదేశించింది. 2022 సెప్టెంబర్‌లో కారు వెనుక సీటులో బెల్టు లేకుండా కూర్చున్న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రమాదంలో మరణించిన తర్వాత వెనుక బెల్టు గురించి మా బంధువుల్లో చాలా చర్చ జరిగింది గానీ, చర్చించినవారిలో వెనుక బెల్టు పెట్టుకునేది ఇప్పటికీ కొందరే.

మళ్లీ పాప సీటు. ఐదు కొనల బెల్టును రోజూ బిగించాలి, నెలనెలా ఎత్తు చూసుకోవాలి. వెనుకవైపు ముఖం ఉన్నప్పుడు భుజం పట్టీలు భుజాల ఎత్తున లేదా కొంచెం కింది నుంచి, ముందుకు తిప్పినప్పుడు భుజాల ఎత్తున లేదా కొంచెం పై నుంచి రావాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో నిలువుగా గిల్లితే మడత పట్టుకోవడానికి దొరకకూడదు. డిసెంబర్‌లో ఆదిలాబాద్ వైపు వెళ్లినప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది: మందపాటి స్వెటర్ మీద బిగించిన బెల్టు బిగువుగానే కనిపిస్తుంది, కానీ గుద్దుకున్నప్పుడు ఆ మందమంతా అణిగి పట్టీ వదులైపోతుంది. పలుచని బట్టలతో బిగించి పైన దుప్పటి కప్పడమే సరైన పద్ధతి. పెళ్లిళ్లకు పట్టు లంగా వేసినప్పుడు కాళ్ల మధ్య పట్టీ పడదు కాబట్టి మామూలు బట్టలతో తీసుకెళ్లి, మంటపం దగ్గరే లంగా జాకెట్ మార్చుతాము. రెండేళ్లు దాటాక పాప చేతులను పట్టీల్లోంచి బయటకు లాగడం నేర్చింది. మా ఆయన బండి పక్కకు ఆపి, "చేతులు లోపల పెడ్తేనే బండి కదుల్తది," అని ఊరుకునేవారు. హసన్‌పర్తి దాటేలోపే చాలాసార్లు ఆగిన ప్రయాణాలు ఉన్నాయి. ఆ అలవాటు కొన్ని వారాలకు పోయింది.

సీటు లోపాలు కూడా చెప్పాలి. మే నెలలో ఎండలో నిలిపిన కారులో బకిల్ లోహపు భాగం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. నల్లబట్ట దానికి తోడు. కారు నిలిపినప్పుడు సీటు మీద తెల్లని తువ్వాలు కప్పడం, కూర్చోబెట్టే ముందు చేతి వెనుక భాగంతో తాకి చూడడం తప్పలేదు. బకిల్‌లోకి బిస్కెట్ పొడి చేరి రెండవ ఏట నొక్కు పట్టేసింది. గోరువెచ్చని నీళ్లతో కడిగితే సరిపోయింది, నూనె వేయవద్దని పుస్తకంలో ఉంది. పట్టీలను సబ్బు నీటి బట్టతో తుడవాలి గానీ యంత్రంలో వేయకూడదు. పసితనంలో సీటు మరీ నిటారుగా ఉండి నిద్రలో గడ్డం ఛాతీ మీదికి వాలేది, ఊపిరికి అది మంచిది కాదు. పుస్తకం అనుమతించిందని చూసుకుని సీటు కింది అంచున తువ్వాలు చుట్టిపెట్టి వాలు సరిచేశాము. భుజం పట్టీల ఎత్తు మార్చడానికి సీటును పూర్తిగా విప్పాల్సి రావడం దీని పెద్ద లోపం. హెడ్‌రెస్ట్‌తో పాటే పట్టీలు లేచే రకం కొంచెం ఎక్కువ ధర పెట్టయినా కొనవచ్చు.

ఇప్పుడు పాపకు 17 కిలోలు దాటాయి. ఐసోఫిక్స్ కొక్కేలున్న, వీపున్న బూస్టర్‌కు, అంటే కారు బెల్టు సరైన చోట పడేలా పాపను ఎత్తున కూర్చోబెట్టే సీటుకు మారాము. ఆ కొక్కేలు సీటును స్థిరంగా ఉంచుతాయి, పాపను పట్టి ఉంచేది కారు బెల్టే కాబట్టి అది మెడకు కాకుండా భుజం మధ్యలో, పొట్టకు కాకుండా తొడల మొదట పడుతోందా అని ప్రతిసారీ చూస్తాను. ఎత్తు 145 సెంటీమీటర్ల వరకైనా రానిదే దీనిని తీసే ఆలోచన లేదు. పాత సీటును మా చెల్లెలు తన బాబుకు అడిగింది. అది ఏ ప్రమాదంలోనూ పడలేదు, అడుగున అచ్చుపోసిన తయారీ తేదీ ప్రకారం కంపెనీ చెప్పిన గడువు ఇంకా ఉంది, పుస్తకం కూడా దాచాను. కానీ వాళ్ల కారు మాదానికంటే పాతది. వచ్చే ఆదివారం తెచ్చి నిలిపితే, వెనుక బెల్టు దాని చుట్టూ అందుతుందో లేదో చూసిన తర్వాతే ఇస్తానని చెప్పాను.