బేర్‌మెటల్ బోర్డులకు క్లాంగ్ టూల్‌చైన్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

మాది కావలి. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువులకు ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే మోటారు) కంట్రోలర్ బోర్డులు చేసిస్తుంటాం. బోర్డు మీద ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్పు: 64 కేబీ ఫ్లాష్, 20 కేబీ ర్యామ్. ఆపరేటింగ్ సిస్టమ్ ఏమీ ఉండదు, కరెంటు రాగానే మన సీ కోడే నేరుగా నడవాలి. ఫేజు పోతే మోటార్లు ఆపాలి, తిరిగొస్తే ఒక్కోదాన్నీ వరసగా ఎక్కించాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళకు బోర్డు బిగుసుకుపోతే రైతు పంటంతా పోయినట్టే. అందుకే కంపైలర్ (సీ కోడును చిప్పుకు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాము) విషయంలో నాకింత పట్టింపు.

మొదట్లో, మా చిప్పులాంటి ఆర్మ్ ప్రాసెసర్లకు వచ్చే జీసీసీ అనే కంపైలరే వాడాను. క్లాంగ్ అనే మరో కంపైలర్ అప్పటికే ఆర్మ్‌కు కోడు ఇచ్చేది కానీ, సీ లైబ్రరీ (ప్రింట్‌ఎఫ్ లాంటి రెడీమేడ్ ఫంక్షన్లు) ఎక్కడుందో, ఏ రకం లింక్ చెయ్యాలో అంతా మనమే చూపించాలి. ఆర్మ్ వాళ్లు క్లాంగ్‌ను ఎల్‌ఎల్‌వీఎం ఎంబెడెడ్ టూల్‌చైన్ (కంపైలర్, లింకర్ లాంటివి కలిసిన సెట్టు) పేరుతో లైబ్రరీలతో సహా ఇవ్వడం మొదలుపెట్టాక ఆ తలనొప్పి పోయింది. ఏ ప్రాసెసరో చెబితే చాలు, దానికి సరిపడే లైబ్రరీని క్లాంగే ఎంచుకుంటుంది.

అసలు లాభం కంపైలర్‌లో కాదు, దాంతో వచ్చే పికోలిబ్‌సీ అనే సీ లైబ్రరీలో ఉంది. మా ఎల్‌సీడీ మీద డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) 4.2 అని చూపించాలి. జీసీసీతో వచ్చే న్యూలిబ్ నానో అనే సీ లైబ్రరీలో ఫ్లోట్ (దశాంశ అంకె) ప్రింటింగ్‌కు లింకర్‌లో (ముక్కలన్నీ కలిపి ఒక ప్రోగ్రాము చేసేది) విడిగా ఆప్షన్ ఇవ్వాలి, లేకపోతే అంకె రావాల్సిన చోట ఖాళీ వస్తుంది. ఇచ్చినా, దశాంశం ప్రింట్ చేయడానికి అది లోపల మాలాక్ ఫంక్షన్‌ను పిలిచి హీపు నుంచి, అంటే నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ నుంచి, చోటు తీసుకుంటుంది. రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే 20 కేబీ బోర్డులో హీపు అనే మాటే నాకు టెన్షన్. పికోలిబ్‌సీ ప్రింట్‌ఎఫ్ హీపు జోలికే పోదు. మాలాక్ ఎక్కడా లేదని మ్యాప్ ఫైల్లో (ప్రోగ్రాములో ఏమేం చేరాయో లింకర్ రాసిచ్చే జాబితా) చూసుకున్నాకే బోర్డు చెరువు గట్టుకు పంపుతాను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: మామూలుగా వచ్చే ప్రింట్‌ఎఫ్ డబుల్‌కు (ఫ్లోట్ కన్నా ఎక్కువ ఖచ్చితమైన దశాంశ అంకె) కూడా సిద్ధంగా ఉంటుంది, ఫ్లాష్ కాస్త ఎక్కువ తింటుంది. అవసరం లేకపోతే చిన్న రకం ఎంచుకోవాలి.

పికోలిబ్‌సీతో వచ్చే లింకర్ స్క్రిప్టు (మెమరీలో ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే ఫైలు) కూడా నాకు బాగా నచ్చింది. ఫ్లాష్ మొదలు హెక్సాలో 08000000, ర్యామ్ మొదలు 20000000, వాటి సైజులు, స్టాకు ఎంత కావాలి అన్నవి ఇస్తే మిగతాది అదే చూసుకుంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. జీసీసీతో వాడే జీఎన్‌యూ లింకర్ చూసీ చూడనట్టు వదిలేసే కొన్ని రాతలు క్లాంగ్‌తో వచ్చే ఎల్‌ఎల్‌డీ లింకర్ ఒప్పుకోదు. జీసీసీ మేక్‌ఫైల్లో లైబ్రరీని ఎంచుకోవడానికి రాసే స్పెక్స్ ఆప్షన్లు ఇక్కడ పనికిరావు. చిప్పు కంపెనీల ఉదాహరణలన్నీ దాదాపు జీసీసీని దృష్టిలో పెట్టుకుని రాసినవే కాబట్టి పాత ప్రాజెక్టు మార్చడానికి ఓపిక కావాలి. డీబగ్గింగ్‌కు (బోర్డు మీద కోడులో తప్పులు వెతకడానికి) నేను ఇప్పటికీ జీడీబీ, ఓపెన్‌ఓసీడీ టూల్సే వాడుతున్నాను. కోడు సైజులో మాత్రం మా ప్రోగ్రాములకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కొత్త బోర్డులన్నీ ఇప్పుడు క్లాంగ్‌తోనే చేస్తున్నాను. ఆర్మ్ వాళ్లు 2025లో ఈ టూల్‌చైన్ పేరు మార్చారు, దింపుకునేటప్పుడు ఆర్మ్ టూల్‌చైన్ ఫర్ ఎంబెడెడ్ అని వెతకండి. జీసీసీ వదలడం ఇష్టం లేనివాళ్లు పికోలిబ్‌సీ ఒక్కటే తీసుకుని జీసీసీతో వాడుకోవచ్చు, డెబియన్ లినక్స్‌లో ప్యాకేజీ కూడా ఉంది. ముందు ఆ పని చేసి చూడండి.