తెల్లటి నడిపొర ఉన్న సాదా కార్డ్‌స్టాక్: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాలుగేళ్లుగా, ఫోటోలు అతికించి అలంకరించే నా స్క్రాప్‌బుక్ పేజీలకు ఒకే రకం సాదా కార్డ్‌స్టాక్ (మందపాటి గట్టి కాగితం) వాడుతున్నాను. పైనా కిందా రంగు, నడుమ తెల్లటి పొర ఉండే రకం అది. 12 అంగుళాల చదరపు షీటు, 216 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) వంటి వివరాలు ప్యాకెట్ మీదే ఉంటాయి గనుక వాటి జోలికి పోను. నేను చెప్పదలచినదంతా ఆ నడిపొర గురించే. ఈ కాగితాన్ని ఇంతగా అభిమానించడానికీ, ఒకసారి దాని మీద గట్టిగా అలగడానికీ అదే కారణం.

మొదట్లో దీన్ని ఫోటోల వెనుక అంచు కనిపించేలా అతికించడానికి మాత్రమే కొన్నాను. ఒకరోజు కత్తెర కనిపించక ముదురు నీలం షీటును వేళ్లతోనే చింపితే, చిరిగిన అంచు వెంట నురుగులాంటి సన్నని తెల్లగీత తేలింది. సముద్రతీరంలో తీసిన ఫోటో కింద ఆ ముక్కను అంటించాక ఇక అలలు గీయవలసిన పని లేకపోయింది. కాగితాన్ని మన వైపు లాగుతూ చింపుతున్నామా, అవతలికి నెడుతూ చింపుతున్నామా అన్నదాన్ని బట్టి ఆ తెల్లంచు రెండు ముక్కల్లో దేనికి దక్కేదీ మారుతుంది; అది చేతికి పట్టుబడేదాకా కొన్ని చిత్తు ముక్కలు పాడుచేసుకోక తప్పదు. చిరిగిన అంచును కాస్త తడిపి వేలితో వెనక్కి చుడితే, ఆరాక ఆ వంపు అలాగే నిలుస్తుంది. షీటును స్టెన్సిల్ (ఆకారాలు కోసి తీసిన పలక) మీద పరచి వెనుక నుంచి మొద్దుమొన పనిముట్టుతో నొక్కి, ముందువైపు ఉబ్బిన చోట సన్నరకం ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దితే, రంగు లేచిపోయి ఆకారం తెల్లగా బయటపడుతుంది. (ఆ పొడిని పూర్తిగా దులిపాకే ఫోటో అతికించాలి, నేను ఒకసారి దులపలేదు.) డిజైన్లు అచ్చువేసిన కాగితాలు కొనడం అప్పట్లో పూర్తిగా మానేసి, సాదా షీటు ఒక్కటుంటే చాలని తెలిసినవారందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం తొందరపడి అన్నదే.

మా అక్క కోసం మడతలుగా విచ్చుకునే పొడవాటి ఆల్బమ్ ఒకటి చేయబోయాను. అయిదు పట్టీలు, ఒక్కోదానికి రెండు మడతలు. మూడు పట్టీలను కొత్త షీటు నుంచి కోశాను. కాగితం వృథా కాకూడదని మిగతా రెండింటిని పాత మిగులు ముక్కలోంచి తీశాను. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో గీటు పెట్టి మడిస్తే మొదటి ఆరు మడతలూ గీత గీసినట్టు వచ్చాయి, తర్వాతి నాలుగూ మాత్రం రంగు పగిలి పళ్లికిలించినట్టు తెల్లగా విచ్చుకున్నాయి. గీటు లోతు చాలలేదనుకుని మరింత గట్టిగా గీస్తే ఇంకా ఎక్కువగా పగిలాయి. ఆ పూటంతా పెన్నునూ, పొడిగా ఉన్న గాలినీ తిట్టుకున్నాను. చివరికి విసుగుతో ఒక మిగులు ముక్కను చేతిలో అటూ ఇటూ వంచుతుండగా తెలిసింది, అది ఒక దిశలో సులువుగా వంగుతోంది, రెండో దిశలో ఎదురు తిరుగుతోంది. కాగితంలోని పోగులు ఎక్కువగా ఒకే వాలులో పరుచుకుని ఉంటాయి. మడత ఆ వాలు వెంట పడితే నునుపుగా వస్తుంది, వాలుకు అడ్డంగా పడితే పోగులు తెగి పైరంగు పగులుతుంది. నాలుగు వైపులా సమానంగా ఉండే షీటు ఏ వాలులో ఉందో చూపుకు అందదు, మిగులు ముక్క విషయం ఇక చెప్పనక్కరలేదు.

పగుళ్ల మీద నీలం ఇంకు అద్దితే ఛాయ కలవక లోపం మరింత కొట్టొచ్చినట్టు కనిపించింది. కొత్తగా కోసేందుకు ఆ రంగులో మరో షీటు లేదు. దాంతో బాగున్న ఆరు మడతలను కూడా ఉప్పుకాగితంతో రుద్ది పదింటినీ తెల్లబరిచాను. అక్క దాన్ని కావాలని చేసిన అలంకారమే అనుకుంది, నేనూ సరిదిద్దలేదు. కానీ రెండేళ్లు తెరిచి మూసేసరికి పగిలిన నాలుగింటిలో ఒకటి పూర్తిగా తెగింది. వెనుక పల్చని గుడ్డపట్టీ అతికించి నిలబెట్టాను.

ఇప్పుడు మడతలున్న పనికి లోపలిదాకా ఒకే రంగున్న రకం వాడుతున్నాను. అందులోనూ వాలు చూసుకోవాలి గానీ, పగులు వచ్చినా అంతగా కనిపించదు. చింపే పనికీ, రుద్దే పనికీ మాత్రం తెల్లటి నడిపొర ఉన్నదే నాకు ఇష్టం. అయితే నేను నెలకు ఒకటి రెండు పేజీలు చేతితోనే చేసుకుంటాను, నా దగ్గర కటింగ్ యంత్రం లేదు. ఆమ్లరహితం, లిగ్నిన్ రహితం అని రాసి ఉన్నదే కొంటాను, ఎందుకంటే కలప నుంచి వచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఉన్న కాగితం వెలుతురుకు పసుపెక్కుతుంది, అప్పుడు నేను మురిసిపోయే తెల్లంచే ముందు చెడుతుంది. నా పేజీల్లో అంచులు ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి, కానీ అవి మూసిన ఆల్బమ్‌లోనే ఉంటాయి. గోడకు తగిలించేవారికి ఈ మాట ఎంతవరకు వర్తిస్తుందో వారే చూసుకోవాలి. మడతల కార్డులే ఎక్కువగా చేసేవారికైతే ఈ రకాన్ని నేను గట్టిగా సిఫారసు చేయలేను. ఇక నా మిగులు ముక్కలన్నిటికీ వెనుక పెన్సిల్‌తో వాలు దిశను చూపే బాణం గుర్తు ఉంటోంది.